పూసిందని రాశాను

జూన్ 3

ఒసే కానీ,

తొట్టి నీ గుమ్మంలో దించానని వ్యాను డ్రైవరు ఫోన్ చేశాడు. ఏమన్నాడో వినపడలేదు కానీ, గొంతు మాత్రం తొట్టి పగలగొట్టినవాడి గొంతులా లేదు. నీకూ ఫోన్ చేద్దామనుకున్నాను. నువ్వు అరవడం, నేను "ఆఁ?" అనడం, చివరికి ఇద్దరికీ కోపం రావడం. అందుకని ఉత్తరం. కాగితానికి చెవుడు లేదు.

విషయం ఏమిటంటే, మా బిల్డింగు డాబా కారుతోంది. మరమ్మతుకి వచ్చిన ఇంజినీరు నా ఐదు కలువ తొట్ల చుట్టూ తిరిగి, "ఇవన్నీ ఇక్కడెందుకండీ?" అన్నాడు. "నీళ్ళలో ఉండడానికి" అన్నాను. పని పూర్తయ్యాక నాలుగు తొట్లే పెట్టుకోవాలట, ఐదోదాని బరువు స్లాబు ఆపదట. ముప్ఫై రెండేళ్ళు నీళ్ళ పరీక్షల ల్యాబులో పని చేసినదాన్ని. తొట్టెడు నీళ్ళు ఎంత బరువో అతను నాకు చెప్పాడు.

నాలుగు తొట్లు కింద మెట్ల పక్కకి దింపించాను. ఐదోది నీకు పంపాను. అది మొండిది. పదకొండేళ్ళుగా ఆకులే తప్ప ఒక్క పువ్వు పెట్టలేదు. దానికి చివరి అవకాశం ఇస్తున్నాను. రోజూ ఆరు గంటల ఎండ పడేచోట పెట్టు. దోమలు రాకుండా నాలుగు గప్పీ చేపలు వెయ్యి. పసుపెక్కిన ఆకు కత్తిరించు. ఊరికే చెయ్యి పెట్టి కెలకకు. జూలై ఆఖరుకల్లా పూస్తే తిరిగి పంపు, మిగతావాటిలో ఏదో ఒకటి ఎవరికైనా ఇచ్చి దీన్ని పెట్టుకుంటాను. పూయకపోతే తీసి ఎరువు గుంటలో వెయ్యి. నాకు చెప్పక్కర్లేదు.

నీ దగ్గరే ఉంచుకుంటానని అనకు. పూయనిదాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టే అలవాటు నాకు లేదు.

మీ మేనత్త


జూన్ 11

అత్తా,

నాకు నలభై నాలుగేళ్ళు వచ్చాయి. ఇంకా నన్ను "కానీ" అని పిలుస్తావా? ప్రతి మాట చివరా "కానీ" అంటున్నానని ఆరేళ్ళప్పుడు పెట్టిన పేరు అది. ఇప్పుడు అనడం మానేశాను. కానీ, నీ ఉత్తరం చూశాక కొన్ని సందేహాలు వచ్చాయి.

మా ఆయన సంగతి తెలుసు కదా. భూములు కొలిచే ఉద్యోగం చేస్తూ ఇంట్లో కొలవకుండా ఉండలేరు. ఆదివారం పొద్దుట్నుంచి గంటగంటకీ బాల్కనీలో ఎండ అంచున చాక్‌పీసుతో గీత గీశారు. తొట్టి పెట్టినచోట ఆరు గంటల పది నిమిషాల ఎండ తేలింది. "పది నిమిషాలు ఎక్కువైతే ప్రమాదమా, మీ అత్తని అడుగు" అన్నారు. అడుగుతున్నాను.

కుళాయి నీళ్ళు నేరుగా పొయ్యవచ్చా? రెండు ఆకులు పసుపెక్కాయి. ఇది ముసలితనమా, రోగమా, నేను చూడడం వల్లా? మిగతా ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, ఇది సంతోషమేనా? నాలుగు చేపలు వేశాను, మూడే కనపడుతున్నాయి. నాలుగోది చచ్చిపోయిందా, దాక్కుందా, లేక నేను మొదట్నుంచీ మూడే కొన్నానా? పొద్దున్నే తొట్టి దగ్గర నిలబడితే కాలేజీకి వెళ్ళబుద్ధి కావడం లేదు. నీతిశాస్త్రం చెప్పేవాళ్ళకి ఇలా ఉండవచ్చా?

ఇంకొకటి. పదకొండేళ్ళు పెంచి, "నాకు చెప్పక్కర్లేదు" అని ఎలా రాయగలిగావు? యూనివర్సిటీ నుంచి నాకూ ఇలాంటి ఉత్తరమే వచ్చింది. తొమ్మిదేళ్ళుగా రాస్తున్న థీసిస్ డిసెంబరులోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. వాళ్ళు కూడా నీ అంత మర్యాదగానే రాశారు. నేను తొట్టి గురించే మాట్లాడుతున్నాను.

జవాబు త్వరగా రాస్తే ఆకులకి మంచిది.

నీ మేనకోడలు


జూన్ 20

కానీ,

నీ ఉత్తరంలో ప్రశ్నలు ఏరాను. నీళ్ళ మీద ఒకటి, ఎండ మీద ఒకటి, ఆకుల మీద రెండు, చేప మీద ఒకటి. మిగతావన్నీ నీ మీద. అవి నా సబ్జెక్టు కాదు.

కుళాయి నీళ్ళు బకెట్లో ఒక రోజు ఉంచి పొయ్యి. పది నిమిషాల ఎండ ఎక్కువైనా ఫరవాలేదని అల్లుడికి చెప్పు, పాపం నిద్రపోడు. పసుపు ఆకులు ముసలివి. నువ్వు చూడడం వల్ల ఏదీ చావదు. అలాగైతే మీ కాలేజీలో పిల్లలు మిగిలేవాళ్ళు కాదు. ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కితే తొట్టిలో దుంప ఇరుకైందని అర్థం, దాని సంగతి తరవాత చెబుతాను. ముందు ఎరువు గుళిక ఒకటి కాగితంలో చుట్టి, బంకమట్టిలో వేలు మునిగేంత లోతుకి దూర్చు. నీళ్ళలో పడేస్తే పాచి పడుతుంది. చేప దాక్కుంది.

ఎలా రాయగలిగానంటే, పెన్నుతో. ప్రతి ఏడూ వానలకి ముందు ఇప్పుడు పూస్తుందని అనుకోవడం, వానలు వెళ్ళాక వచ్చే ఏడు అనుకోవడం. పదకొండుసార్లు అనుకున్నాను. ఇక అనుకోదలచుకోలేదు. ఓపిక అయిపోవడం కూడా ఒక ఆరోగ్యమే.

జూలై ఆఖరు. గుర్తు పెట్టుకో.

మీ మేనత్త


జూలై 9

అత్తా,

పూసింది.

నిన్న పొద్దున ఎనిమిదింటికి చూశాను. గులాబీ రంగు. రేకులు ఇరవై నాలుగు, అంచుల్లో ముదురు, మొదట్లో లేత, మధ్యలో పసుపు. నీళ్ళకి నాలుగు వేళ్ళ ఎత్తున కాడ మీద నిలబడింది. లేత సువాసన ఉంది. మధ్యాహ్నానికి ముడుచుకుంది. ఇవాళ మళ్ళీ విచ్చుకుంది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే జరుగుతున్నాయి.

కాబట్టి ఎరువు గుంట అవసరం లేదు. నీ ఐదేళ్ళూ, అంటే పదకొండేళ్ళూ వృథా పోలేదు.

పనులున్నాయి, ఇంతటితో ఆపుతాను. మా ఆయన నమస్కారం చెప్పమన్నారు. ఆయన ఊళ్ళో లేరు, పువ్వు చూడలేదు.

నీ మేనకోడలు


జూలై 15

అమ్మాయీ,

సంతోషం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి చదివి మెట్ల దగ్గరికి వెళ్ళి నా తొట్లకి కూడా చెప్పాను. తరవాత మూడుసార్లు కుర్చీలో కూర్చుని చదివాను. నా దగ్గర పదకొండేళ్ళు. నీ దగ్గర ఐదు వారాలు. అదే దుంప, అదే మట్టి, అదే తొట్టి. మారింది ఒక్క చెయ్యే.

మిగతా నాలుగూ నా దగ్గర పూస్తూనే ఉన్నాయి అంటావు. అవి ఎవరి దగ్గరైనా పూసే రకమని అమ్మినప్పుడే చెప్పారు. నేను నేర్చుకోవాల్సింది ఆ ఒక్కదాని దగ్గరే, నేర్చుకోలేదు. ల్యాబులో ఇన్నేళ్ళు పరికరం పని చెయ్యకపోతే ముందు పరికరాన్ని అనుమానించమని కుర్రకారుకి చెప్పేదాన్ని. ఇక్కడ పరికరం నేనే.

మా వీధి చివర పార్కు తోటమాలిని అడిగాను. నాలుగు తొట్లూ తీసుకుంటానన్నాడు. ఈ నెల ఇరవై ఆరున వస్తాడు. డాబా కూడా తేలికవుతుంది, ఇంజినీరు సంతోషిస్తాడు. బాధపడి ఇస్తున్నానని అనుకోకు. ఖాళీ డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు.

నీకు చెయ్యి తిరిగింది. బాగా చూసుకో. ఇక చివరి మాట, ఇది చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

నీ దుంప తెగ

(ఇక్కడినుంచి కిందంతా వాన నీళ్ళకి సిరా కరిగిపోయింది.)


జూలై 22

అత్తా,

నీ ఉత్తరం నిన్న చేరింది. మా గేటు దగ్గర తపాలా పెట్టెకి మూత లేదు. చివరి పేజీలో ఒక్క వాక్యం మిగిలింది, "నీ దుంప తెగ". దాని కింద నీలం మడుగు. నాకు ఆ ఒక్క వాక్యం చాలు.

నీకు ఎలా తెలిసిందో తెలియదు. బహుశా ఇరవై నాలుగు రేకుల దగ్గర దొరికిపోయి ఉంటాను. పైన సంతోషం అని రాసి, తోటమాలి సంగతి అంత నెమ్మదిగా చెప్పి, కింద ఒక్క తిట్టు తిట్టావంటే, ఎంత బాధపడ్డావో అర్థమైంది.

అత్తా, పువ్వు పూయలేదు. మొగ్గ కూడా లేదు. గులాబీ రంగు నేను కల్పించినది.

ఎందుకు రాశానంటే, పారెయ్యమన్నావు. నా చేతులు రాలేదు. నీకు చెప్పకుండా దాచి ఉంచుకుందామా అనుకున్నాను. అది మోసమవుతుందేమోనని రెండు రోజులు ఆలోచించి, చివరికి అంతకన్నా పెద్ద మోసం చేశాను. నా థీసిస్ దేని మీదో నీకు తెలుసు కదా, "నిజం చెప్పవలసిన బాధ్యత". మూడో అధ్యాయంలో, ఎదుటి మనిషి మేలు కోరి చెప్పే అబద్ధం ఆ మనిషికి ఏ రకంగా కీడు చేస్తుందో నలభై పేజీలు రాశాను. నీ తొట్లు పోతాయని మాత్రం అందులో లేదు.

నిన్న సాయంత్రమే ఫోన్ చేశాను కదా. "పూయలేదత్తా!" అని అరిచాను. నువ్వు "పూలు ఏడా?" అన్నావు. "కాదు, పూయలేదు!" అన్నాను. "ఏడు. వినపడింది, అరవకు" అని పెట్టేశావు. పక్కింటావిడకి మాత్రం స్పష్టంగా వినపడింది. పొద్దున మెట్ల మీద కనపడి, "ఏం చేస్తామమ్మా, అన్నీ మన చేతుల్లో ఉండవు" అని ఓదార్చింది.

అందుకని ఈ ఉత్తరం. ఏడు పూలు లేవు. ఒకటీ లేదు. నీ చేతిలో ఏ లోపమూ లేదు. దయచేసి తోటమాలికి వద్దని చెప్పు. నన్ను ఇంకా ఏమైనా తిట్టాలంటే తిట్టు, తొట్లు మాత్రం ఇవ్వకు.

ఇరవై ఆరులోగా ఇది చేరాలని రెండు స్టాంపులు ఎక్కువ అంటించాను. వాటివల్ల ఉత్తరం త్వరగా వెళ్ళదని మా ఆయన అన్నారు.

కానీ


జూలై 29

ఒసే కానీ,

నీ ఉత్తరం నిన్న, ఇరవై ఎనిమిదిన చేరింది. తోటమాలి ఇరవై ఆరున చెప్పినవేళకి వచ్చాడు. జీవితంలో నేను చూసిన పనివాళ్ళలో చెప్పినవేళకి వచ్చినవాడు అతనొక్కడే. రెండు తొట్లు ఎక్కించేసరికి తోపుడు బండి చక్రం వంగింది. మిగతా రెండూ మళ్ళీ వచ్చి తీసుకెళ్తానన్నాడు. అవి ఇవ్వనని ఇవాళ చెప్పాను. ఇచ్చినవి అడగలేను. అప్పుడే పార్కు గేటు పక్కన పెట్టి చుట్టూ ఇటుకలు పేర్చాడు. బాగానే ఉన్నాయి. నేను ఆ దారిన వెళ్ళడం లేదు.

ఇప్పుడు నీ సంగతి. నేను నిన్ను తిట్టలేదు. ఆ వాక్యం ఇది: "నీ దుంప తెగకోసేటప్పుడు కత్తికి తుప్పు లేకుండా చూసుకో, కోసినచోట బొగ్గుపొడి రాయి." తొట్టి ఇరుకైందన్నాను కదా, దుంపని రెండు ముక్కలు చెయ్యాలి. పూయించినదానివి నువ్వు కాబట్టి ఇక అది నీ దుంప అన్నాను. అది చెప్పకపోతే కుళ్ళబెట్టేస్తావని నా భయం. నాకేమీ తెలీదు. నీ అబద్ధాన్ని అక్షరం అక్షరం నమ్మాను. నువ్వు ఊరుకుని ఉంటే చచ్చేదాకా నమ్మేదాన్ని.

అప్పుడు తిట్టలేదు, ఇప్పుడు తిడుతున్నాను. నీ దుంప తెగ. ఈసారి దీని తరవాత ఏమీ లేదు. పేజీ పొడిగానే ఉంది, చూసుకో.

అబద్ధం ఆడినందుకు కాదే. ల్యాబులో అంకెలు మార్చమని పెద్ద పెద్దవాళ్ళు అడిగేవాళ్ళు. ఒక్కసారీ మార్చలేదు. నీళ్ళు బాగాలేకపోతే బాగాలేవు. బాగున్నాయని రాస్తే తాగేవాడు తాగుతాడు. నువ్వు రాశావు, నేను తాగాను. రెండు వారాలు ఈ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

నీ థీసిస్‌కీ నా తొట్టికీ సంబంధం అంటగట్టకు. నిన్న డాబా ఎక్కి చూశాను. ఆ తొట్టి ఉన్నచోట నీళ్ళ ట్యాంకు నీడ సగం రోజు పడుతోంది. ట్యాంకు ఎత్తించింది పన్నెండేళ్ళ కిందట. తొట్టికి ఎండ తక్కువైంది. నీకేం తక్కువైందో నాకు తెలీదు.

ఇకమీదట పువ్వు గురించి నువ్వు ఏం రాసినా నేను నమ్మను. మిగతా విషయాలు రాయవచ్చు.

మీ మేనత్త


ఆగస్టు 17

అత్తా,

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా మొదలుపెట్టి చింపేస్తున్నాను. మిగతా విషయాలు రాయవచ్చన్నావు. మా ఆయనకి జలుబు తగ్గింది. మా తపాలా పెట్టెకి మూత వేయించాను. నాలుగో చేప దొరికింది, ఇంకో పదకొండు పిల్లలతో సహా.

ఇక నువ్వు నమ్మని విషయం. పద్నాలుగో తేదీ పొద్దున, రెండు ఆకుల మధ్య ఆకుపచ్చగా, కొస తేలిన ముడి ఒకటి నీళ్ళ పైకి వచ్చి ఉంది. ఆకేమో అనుకున్నాను. ఎనిమిదిన్నరకి చూస్తే దాని బయటి డొప్పలు వదులయ్యాయి. కాలేజీకి బయల్దేరిన మనిషిని చెప్పులతోనే బాల్కనీలో కూర్చుండిపోయాను. విచ్చుకోవడం కంటికి కనపడదత్తా. చూస్తున్నంతసేపూ ఏమీ జరగదు. ఒక్కసారి తల తిప్పి చూస్తే ఇంకో రేకు వెనక్కి వాలి ఉంటుంది. మా ఆయన టేపు పట్టుకుని వచ్చారు. కొలుస్తారనుకున్నాను. టేపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్ళారు, కారణం "ఇంట్లో పని" అని రాశారట.

రేకులు లెక్కపెట్టలేదు. రంగు రాయను. కిందటిసారి గులాబీ అని అంత ధైర్యంగా రాసింది ఈ పెన్నుతోనే. సువాసన ఉందో లేదో మా ఇద్దరికీ తేడా వచ్చింది. ఎంత ఎత్తుందో ఆయన చెబుతానన్నా వద్దన్నాను. నిజంగా పూసినదాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకుండా పోయింది. పూయనిదాని గురించి ఎన్ని రాశానో.

ఇవాళ నాలుగో రోజు. విచ్చుకోలేదు, పక్కకి ఒరిగింది. సాక్షులుగా మా ఆయన, పక్కింటావిడ, గ్యాస్ సిలిండరు తెచ్చినతను కింద సంతకాలు పెట్టారు. పక్కింటావిడ సంతకం పెడుతూ, "చూశావా, నేను చెప్పలేదూ" అంది. ఏం చెప్పిందో గుర్తులేదు. ఒక రేకు కూడా కవర్లో పెడుతున్నాను.

నమ్మమని అడగడం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నీ మేనకోడలు


ఆగస్టు 23

కానీ,

సంతకాలు చూశాను. మూడూ ఒకే పెన్ను. కవర్లో గోధుమరంగు పొర ఒకటి వచ్చింది. అది కలువ రేకో ఉల్లిపొట్టో ఏ ల్యాబూ తేల్చలేదు. నేను రెండుసార్లు వాసన చూశాను, కవరు జిగురు వాసన.

నువ్వు కట్టుకథ రాసినప్పుడు అన్నీ ఉన్నాయి. ఈసారి రంగు కూడా లేదు. ఈసారిదే నిజంలా ఉంది. అందుకే నాకు ఇంకా అనుమానంగా ఉంది. నీ జబ్బు నాకు అంటించావు.

ఉత్తరాలతో తేలేది కాదు ఇది. బుధవారం పొద్దుటి బస్సు ఎక్కుతున్నాను. నమ్మడానికి రావడం లేదు, చూడడానికి వస్తున్నాను. పువ్వు ఈపాటికి పోయి ఉంటుందని తెలుసు. నువ్వు ఏమీ సర్దవద్దు. ముఖ్యంగా తొట్టిని ముట్టుకోవద్దు. సెలవు పెట్టవద్దు, నువ్వు పక్కన నిలబడి ముఖం చూస్తుంటే నాకు పని సాగదు.

మీ మేనత్త


ఆగస్టు 27, బుధవారం. మీ వంటింటి బల్ల మీద నుంచి.

ఒసే పిల్లా,

పక్కింటావిడ తాళం తీసిచ్చింది. నేనెవరో చెప్పకముందే, "ఆ ఫోనులో అత్తగారు మీరేనా?" అని చెవి దగ్గరకొచ్చి అరిచింది. టీ నేనే పెట్టుకున్నాను. పంచదార డబ్బా మీద ఉప్పు అని రాసి పెట్టడం దేనికి?

బాల్కనీలోకి వెళ్ళాను. పైన ఏమీ లేదు, ఆకులే. పదకొండేళ్ళు చూసిన ఆకులు. అల్లుడి చాక్‌పీసు గీతల మీద కుర్చీ వేసుకుని కాసేపు కూర్చున్నాను. లేచి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది, మధ్యాహ్నం బస్సు ఒకటి ఉంది. తరవాత గాజులు తీసి, చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో పెట్టాను.

కలువ పువ్వు పని అయ్యాక రాలిపోదు, నీకు తెలుసో లేదో. ముడుచుకుని నీళ్ళలోకి దిగిపోతుంది. దాని కాడ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని పువ్వుని అడుక్కి లాక్కుంటుంది, గింజ కట్టడానికి. పూయని మొక్కలో ఆ చుట్టలు ఉండవు. ఎవరూ తెచ్చి పెట్టలేరు. సంతకాలతో పని లేదు.

నాలుగు చుట్టలు. వేలితో లెక్కపెట్టాను. కొసన బటాణీ కన్నా పెద్దదే, గట్టిగా, కాయ. లాగలేదు. కాసేపు అలా పట్టుకుని వదిలేశాను. నేల తుడిచాను, ఇంకా తడిగా ఉంటే చూసి నడు.

నిజమే రాశావు.

నా తొట్ల రిజిస్టరు సంచిలో వేసుకొచ్చాను. తొట్టికో పేజీ. ఆ దుంప కొన్ననాడు నర్సరీలో చీటీ ఊడిపోయి ఉంది, ఏ రంగో వాళ్ళకీ తెలీదు. అందుకని ఆ పేజీలో రంగు అన్నచోట ఖాళీ వదిలాను. తేదీ ఇప్పుడే వేశాను, ఆగస్టు పద్నాలుగు. రంగు మాత్రం నాకు తెలిసే దారి లేదు. నీళ్ళలో చెయ్యి పెడితే అది తెలియదు. చూసినదానివి నువ్వు.

నీ మంచం మీద పడుకుంటున్నాను, బస్సులో ఆరు గంటలు కూర్చుని నడుం పట్టేసింది. రాగానే లేపు, గట్టిగా పిలిస్తే లేస్తాను. పెన్ను రిజిస్టరులోనే పెట్టాను. నువ్వు ఏ రంగంటే అదే రాస్తాను.

అత్త